గుల్బా వాలు మీద తలగుడ్డ

మా అన్న ముష్ని నాతో మాటలు మానేయడానికి కారణం ఆస్తీ కాదు, ఆవులూ కాదు. ఒక కొండవాలు. దాని పేరు గుల్బా. నేను పుట్టిన హెష్కారికీ, నన్నిచ్చిన ల్యాబ్రాకీ మధ్య అది అడ్డంగా పడుకుని ఉంటుంది. వేసవిలో దాని మీద ఆవులు మేస్తాయి, పిల్లలు దొర్లుతారు. చలికాలం మాత్రం రెండు ఊళ్లకూ దాని మీదున్న కాలిబాట ఒక్కటే దిక్కు. కింద లోయలోని బండిబాట ఏప్రిల్ దాకా మంచులోంచి బయటికే రాదు. ఆ ఏడు చలికాలం ఆ కాలిబాటకు అడ్డంగా నిలబడ్డాను నేను. ఎందుకు నిలబడ్డావే అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. అడగనీండి. మళ్లీ ఆ రోజే వస్తే మళ్లీ అక్కడే నిలబడతాను.

ఆ ఏడు మంచు తొందరపడింది. బంగాళాదుంపలు తవ్వడం పూర్తికాకముందే మోకాలి లోతు పడి, ఆగిపోయింది. తర్వాత నెల పైన ఆకాశం నీలంగా, మబ్బు తునక లేకుండా, మీసాల మీద ఊపిరి గడ్డకట్టే చలి. స్కీలు వేసుకుని కొండలెక్కి దిగడానికి మా ఇంట్లో బస చేసే విదేశీయులకు అది పండగ. వాళ్లకు దారి చూపించేది నేనే. మెస్టియా పట్నం వెళ్లి ఆ పని నేర్చుకుని వచ్చినప్పుడు మా మామగారు బిముర్జా, "కోడలు కొండలెక్కి తిరిగితే పాలు ఎవరు పిండుతారమ్మా?" అన్నాడు. "మీ అబ్బాయి" అన్నాను. ఆ రోజు నుంచీ మా ఆయన గెగీయే పిండుతున్నాడు. ఇప్పుడు నేను దగ్గరికెళ్తే ఆవులు తంతాయి.

డిసెంబరు చివర్లో ఒక సాయంత్రం గుల్బా అంచున నేల కనిపించేదాకా గొయ్యి తవ్వాను. అట్టడుగున ఉన్న మంచు టీ డబ్బాలో పోసుకుని ఇంటికి తెచ్చాను. మామగారు వంటింటి గుమ్మంలో కూర్చుని కత్తికి పదును పెడుతున్నాడు. ఆయన అరచేతిలో ఇంత పోశాను.

"ఏంటిది?"

"గుల్బా అడుగుమంచు మామయ్యా. ముద్దచేసి చూడండి."

ముద్ద కాలేదు. వేళ్ల సందుల్లోంచి పంచదారలా రాలిపోయింది. ఆయన నవ్వాడు.

"నాకే చూపిస్తున్నావా? మా నాన్న దీన్ని చచ్చిన మంచు అనేవాడు. ఇది అడుగున ఉంటే పైన పడింది నిలవదు. గోళీలు పరిచి వాటి మీద పరుపేసినట్టే. మొన్న గుల్బా అవతల కొండమేక కనిపించింది, ఇంతింత కొమ్ములు. వెళ్లానా? వెనక్కి తిరిగొచ్చేశాను."

మా అత్తయ్య త్సియాలా రొట్టెల్లో మాంసం కూరుతూ, "ఇంతింత కొమ్ములని ఇవతల నుంచే కొలిచారా?" అంది.

"కళ్లతో కొలిచానే."

"ఆ కళ్లకే నిన్న గొడ్డలి కనపడలేదు. దాని మీదే కూర్చుని వెతికారు."

అందరం నవ్వాం. నేను మాత్రం డబ్బా వదల్లేదు. "ఇక మీదట పెద్ద మంచు పడితే గుల్బా మీద ఎవరూ నడవకూడదు. ఊళ్లో ఒక మాట చెప్పండి మామయ్యా" అన్నాను.

"నేను చెప్పాలా? ల్యాబ్రాలో ఇది తెలియని మగాడు ఉన్నాడా?"

నిజమే, లేడు. ఆ కాలమంతా నన్ను మండించింది అదే. తెలియనివాడికైతే కూర్చోబెట్టి నేర్పొచ్చు. అన్నీ తెలిసి నడిచేవాణ్ణి ఏం చేస్తాం?

ఫిబ్రవరి మొదట్లో పట్టుకున్న మంచు వారం దాకా వదల్లేదు. గాలి శిఖరం అవతలి మంచు కూడా ఎత్తుకొచ్చి గుల్బా నెత్తిన పోసింది. మా ఇంట్లో దిగిన ఇద్దరు పోలండు కుర్రాళ్లు కొండకెళ్దామని పొద్దున్నే తయారై కూర్చునేవాళ్లు. పేకాడుకోండని చెప్పేదాన్ని. వాళ్లు మొహాలు మాడ్చుకుని పేకాడుకునేవాళ్లు. అలాంటి ఒక పొద్దున మా అన్న ఫోను చేశాడు.

"మాక్వలా, నాన్న పోయాడు."

రాత్రి భోంచేసి పడుకున్నవాడు లేవలేదట. నేను నేల మీద కూలబడ్డాను. అత్తయ్య పరుగెత్తుకొచ్చి నా తల తన ఒళ్లోకి లాక్కుంది. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది, అవతల అన్న కూడా ఏడుస్తున్నాడు. కాసేపటికి గొంతు సవరించుకున్నాడు.

"ఆదివారం తీస్తాం. మీ ఊరు రావాలి."

"అన్నా, ఇంకొన్నాళ్లు ఉంచలేవా? చలికాలమేగా."

"ఏం, నీకు తీరికలేదా?"

"గుల్బా బాగోలేదన్నా."

"గుల్బా ఎప్పుడు బాగుంది? నిన్ను పెళ్లికూతుర్ని చేసి పంపింది దాని మీదుగానే. ముప్పై ఏళ్లు పగతో ల్యాబ్రా వాళ్లు మన చావులకు రాలేదు, మనం వాళ్ల చావులకు వెళ్లలేదు. నీ పెళ్లితో రాకపోకలు మొదలయ్యాయి. ఆ తర్వాత మన రెండు ఊళ్లలో మొదటి చావు మన నాన్నదే. రాకపోతే దానర్థం ఏంటో నేను చెప్పాలా నీకు?"

చెప్పక్కర్లేదు. మా దగ్గర ఒక ఊరు ఇంకో ఊరి చావుకు వెళ్లే పద్ధతి ఒకటుంది. ఇంటికొక మగాడు బయల్దేరాలి. భుజం భుజం ఆనించుకుని, ఒక్క గుంపుగా, మాటల్లేని ఏడుపుపాట పాడుకుంటూ గుమ్మం చేరాలి. వెనక ఆడవాళ్లు. చెదురుమదురుగా వచ్చినవాళ్లను ఊరు కింద లెక్కవేయరు. గుల్బా మీద నడక మొత్తం హెష్కారి ఇళ్ల ముందు నుంచి కనపడుతుంది. వచ్చేవాళ్లు ఎలా వస్తున్నారో అవతలి ఊరు మొదటి అడుగు నుంచీ చూస్తుంది.

ఆదివారం పొద్దున మబ్బు విడిపోయింది. ఊరు లేవకముందే నేనూ గెగీ గుల్బా దగ్గరికి వెళ్లాం. అంచు ఇంకా కొంచెం దూరం ఉండగానే మా కాళ్ల కింద ఒక చప్పుడు పుట్టింది. నేలమాళిగలో ఎవరో ధాన్యం బస్తా పడేసినట్టు 'హుమ్మ్' అని. నా స్కీ ముందు నుంచి గీత ఒకటి బయల్దేరి, మంచును చీల్చుకుంటూ వాలు వైపు పోయింది.

గెగీ కదలకుండా నిలబడిపోయాడు. "మాక్వలా, అది నీ కడుపులో చప్పుడని చెప్పు."

"కాదు."

"నాదీ కాదు."

వాలు మొదలయ్యే చోట ఒక దిమ్మె కోసి, దాని మీద పార పెట్టి, మణికట్టుతో ఊరికే తట్టాను. గట్టిగా మోచేతితో కొట్టేదాకా నిలవాలది. రెండో తట్టుకే పైన గజం మందం మంచు మొత్తం ఆ పంచదార మీంచి జారి నా ఒళ్లో పడింది. ఒక్కొక్కర్నే దాటించినా లాభం లేదు, ఎవరి బరువుకు మంచుచరియ ఊడుతుందో చెప్పలేం. ఇక నలభైమంది భుజాలు ఆనించుకుని నడిస్తే చెప్పడానికేముంది? కింద ఇరుకు వాగు. పైనుంచి వచ్చిందంతా అందులోకే పోతుంది. మంచు కింద పడ్డవాడి జాడ చెప్పే యంత్రాలు ఊరు మొత్తానికి మా ఇంట్లో ఉన్న మూడే. పావుగంటలో బయటికి తీస్తే మనిషి, తర్వాత శవం. తవ్వాల్సిన మగాళ్లందరూ కిందే ఉంటే తవ్వేది ఎవరు?

"ఏం చేద్దాం?" అన్నాడు గెగీ.

"ఆపాలి."

"మీ నాన్న చావు మాక్వలా ఇది."

"తెలుసు గెగీ. నాకు తెలియదా?" అని అరిచాను. అరిచి ఏడ్చాను. అతను పార నా చేతిలోంచి తీసుకున్నాడు.

ఊరు వచ్చింది. నల్లకోట్లు, తలల మీద ఊదారంగు ఉన్నిటోపీలు, ముందు మా మామగారు. వెనక ఆడవాళ్లు, చేతుల్లో మైనపు దీపాలు. అవతల హెష్కారిలో మా ఇంటి ముందు జనం నల్లగా చేరడం కనపడుతోంది. గొయ్యి చూపించాను. జారిన దిమ్మె చూపించాను. చీలిన గీత చూపించాను. మామగారు వంగి చూశాడు. నేను ఆ మంచులో చూసింది ఆయనా చూశాడని మొహంలోనే తెలిసింది. నడుము ఎత్తాడు.

"వేటకైతే వెళ్లనమ్మా. గొడ్డు తప్పిపోయినా వెళ్లను. ఇది చావు."

"చావుకైతే మంచు జాలిపడుతుందా మామయ్యా?"

"జాలి సంగతి కాదు. పోయినవాడి ముందు ప్రాణభయం మాటెత్తకూడదు. పోయినవాడు మీ నాన్న. నువ్వే ఎత్తుతున్నావు."

పక్కింటి ఒతియా ముందుకొచ్చాడు. గెగీకి చిన్నప్పటి స్నేహితుడు, నోరు ఎప్పుడూ ఊరుకోదు. "వదినా, పట్నం చదువు నీకు భయం కూడా నేర్పిందే! విదేశీయులకు చెప్పు ఈ కబుర్లు. మేం ఈ కొండ పాలు తాగి పెరిగాం."

"పాలు నువ్వు తాగావు, కొండకు నీ మొహం గుర్తుండక్కర్లేదా? ఉందేమో అడిగి రా."

ఎవరో నవ్వబోయి దగ్గాడు.

"పోనీ ఇక్కణ్ణుంచే పాడండి. అవతలికి వినపడుతుంది. పాడాక ఇళ్లకు వెళ్దాం" అన్నాను.

"పాడితే ఆ చప్పుడుకు చరియ పడదా?" అన్నాడు ఒతియా వెటకారంగా.

"పాటకు పడదు, నీ బరువుకు పడుతుంది."

మామగారు చెయ్యెత్తి మమ్మల్నిద్దర్నీ ఆపాడు. "శవం ముందు పాడాల్సిన పాట కొండ ఇవతల పాడేది కాదు. పక్కకు తప్పుకో మాక్వలా."

ఆయన నా పేరు పెట్టి పిలిచింది అదే మొదటిసారి. ఎప్పుడూ అమ్మా అనేవాడు. గుంపు దగ్గరికి జరిగింది, భుజాలు ఆనాయి, ముందువాడు పాటకు ఊపిరి తీసుకున్నాడు. గెగీ నా పక్కన నిలబడి ఉన్నాడు. అతను ఒక్కడు ఎంతమందిని పట్టుకుంటాడు? నా తల మీదున్న నల్లగుడ్డ, పొద్దున్నే నాన్న కోసం కట్టుకున్నది, విప్పి బాట మీద పడేశాను.

పాట మొదలు కాలేదు.

మా కొండల్లో మగాళ్లు కత్తులు దూసుకుని ఒకళ్లమీదికొకళ్లు వెళ్తున్నప్పుడు ఆడది తలగుడ్డ తీసి మధ్యలో పడేస్తే, కత్తులు ఒరలోకి పోవాల్సిందే. ఆ గుడ్డ దాటి అడుగు వేసినవాడి ఇంట్లో ఎవరూ నీళ్లు ముట్టరు. పడేసిన ఆడది తన చేత్తో తీసేదాకా అది అక్కడే ఉంటుంది. ముప్పై ఏళ్లలో ల్యాబ్రాలో ఎవరూ పడేయలేదు. చావుకు వెళ్లేవాళ్ల ముందు పడేసినట్టు ముసలాళ్లకు కూడా గుర్తులేదు.

"ఇది కత్తుల తగవు కాదు! ఇది చెల్లదు!" అన్నాడు ఒతియా. కానీ అతని కాలు కదల్లేదు.

"చంపేది కత్తయితే చెల్లుతుంది, మంచయితే చెల్లదా? దాటు మరి. నువ్వే మొదటివాడివి కా."

మామగారు ఆ గుడ్డ వంక చాలాసేపు చూశాడు. గుడ్డ లేని కోడలి తల వంక చూడలేదు. తర్వాత వెనక్కి తిరిగాడు. ఆయన వెనక ఒక్కొక్కరే తిరిగారు. ఆడవాళ్లలో ఒకావిడ నా కాళ్ల దగ్గర ఉమ్మేసింది. అత్తయ్య నా దగ్గరికి వచ్చి, తన శాలువా నా తల మీద కప్పి, ఊరివాళ్ల వెంట వెళ్లిపోయింది.

నేనూ గెగీ అక్కడే ఉన్నాం. మధ్యాహ్నం హెష్కారి గంట మోగింది. మా ఇంటి ముందు నుంచి నల్లటి చీమలబారు కదిలి గుడివైపు పోయింది. ఆ బారులో ముందు మోసుకెళ్తున్నది మా నాన్నని. నాకు మాటలు నేర్పినవాడు, నా మొదటి స్కీలు పీపా చెక్కలతో చేసిచ్చినవాడు. నేను ఇవతల నిలబడి గుండెలు బాదుకుని ఏడ్చాను. నా ఏడుపు అవతలికి చేరిందో లేదో తెలియదు. సాయంత్రం దాకా ఉండి గుడ్డ తీసుకుని ఇంటికొచ్చాను.

గుల్బా ఆ రోజు పడలేదు.

మర్నాడూ పడలేదు. ఆ వారం పడలేదు. ప్రతి పొద్దునా కంచె అవతల నుంచి ఒతియా, "ఏం వదినా, పడిందా?" అని అడిగేవాడు. పళ్లు తోముకుంటూ అడిగేవాడు, కట్టెలు కొడుతూ అడిగేవాడు. అతని భార్య కూడా నేర్చుకుని అడగడం మొదలెట్టింది. నిజం చెబుతున్నాను, కొన్ని పొద్దులు ఆ వాలు మొత్తం ఊడి వాగులో పడాలని, ఆ చప్పుడుకు ఊరంతా గుమ్మాల్లోకి రావాలని కోరుకున్నాను. పడలేదు. తెల్లగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు అలాగే ఉంది.

ఇల్లు మారిపోయింది. మామగారు నేను వడ్డిస్తే తినడం మానేశాడు. అత్తయ్య వడ్డిస్తే తినేవాడు. నేను గదిలోకి వస్తే ఆవుల దగ్గరికి పోయేవాడు. ముప్పై ఏళ్ల పగ తన హయాంలో తీరిందని ఆయనకు గర్వం. అది తన ఇంటి కోడలి చేత్తోనే మళ్లీ మొదలైందని ఆయన బాధ. ఆ బాధ నాకు అర్థం కాక కాదు. అర్థమైనా తప్పుచేశానని మాత్రం అనుకోలేదు. ఒక రోజు అత్తయ్య పొయ్యి దగ్గర మెల్లగా అంది:

"ఆయన్ని ఒక్క మాట, పొరపాటైపోయింది మామయ్యా అను. చాలు, కరిగిపోతాడు."

"పొరపాటు కాలేదు అత్తయ్యా."

"నాకు తెలుసే. మాట వరసకు అనమంటున్నా."

"మాట వరసకు అంటే వచ్చే ఏడు ఎవరూ ఆగరు."

అత్తయ్య గరిటె పొయ్యి అంచుకేసి కొట్టింది. "నువ్వూ మొండే, ఆయనా మొండే. మధ్యలో నా కొడుకు ఆవుల్లో కలిసిపోయాడు."

ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున ఒతియా ఒక్కడే గుల్బా దాటి హెష్కారి వెళ్లొచ్చాడు. ఊరంతా చూస్తుండగా తిరిగొచ్చి మా కంచె మీద చేతులు పెట్టి నిలబడ్డాడు, పెళ్లికొడుకులా.

"వెళ్లొచ్చాను వదినా. రానూ పోనూ. బాట బ్రహ్మాండంగా ఉంది."

"బతికొచ్చావు, సంతోషం."

"అంతేనా? తప్పైపోయింది అనవా?"

"ఏది తప్పు? నువ్వు తేలిగ్గా, పొద్దున్నే, చలిలో ఒక్కడివి వెళ్లావు. అది ఆ రోజు నలభైమందితో, కొత్త మంచులో వెళ్లడంతో సమానమా? నీ భార్య నిన్ను సాగనంపుతూ ఏడ్చిందంటగా. భయం లేనివాడి భార్య ఎందుకేడుస్తుంది?"

ఒతియా మొహం మాడ్చుకున్నాడు. వెళ్లబోతూ ఆగి, "మీ అన్న కబురు చెప్పమన్నాడు. నలభయ్యో రోజు భోజనాలకు నువ్వు రావద్దన్నాడు. ల్యాబ్రా నుంచి ఎవరూ రావద్దన్నాడు" అన్నాడు. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు.

మా దగ్గర చనిపోయినవాడి ప్రాణం నలభై రోజులు ఇంటి చుట్టూనే తిరుగుతుందంటారు. నలభయ్యో రోజు భోజనం పెట్టి సాగనంపుతారు. ఆ తర్వాత ఇక పిలిచినా రాదు. ఆ ఒక్క పూట కూడా నాన్నకు నా ఊరు లేకుండా పోతే, నాకు ఈ జన్మలో పుట్టిల్లు లేదు, మా రెండు ఊళ్ల మధ్య బాట కూడా లేదు.

మార్చిలో ఎండ కాయడం మొదలైంది. పగలు మంచు తడిసేది, రాత్రి రాయిలా బిగిసేది. నేను రోజూ గుల్బాకు వెళ్లేదాన్ని, రోజూ ఒక కొత్త చోట తవ్వేదాన్ని. అడుగున పంచదార తడిసి, ఒకదానికొకటి అంటుకుని, చివరికి పార దిగనంత గట్టిపడింది. దిమ్మె కోసి మోచేతితో కొట్టాను, భుజంతో కొట్టాను. కదల్లేదు. దాని మీద ఎక్కి గెంతాను. గెగీ దూరం నుంచి చూసి, "ఊరివాళ్లు ఇది చూస్తే పిచ్చెక్కిందనుకుంటారు" అన్నాడు. "ఇప్పుడేమనుకుంటున్నారు?" అన్నాను.

నలభయ్యో రోజుకు ముందటి సాయంత్రం, పెద్దలు కూర్చునే బురుజు కింద అరుగు దగ్గరికి వెళ్లాను. ఆడది అక్కడ నిలబడి మాట్లాడే అలవాటు లేదు. నిలబడ్డాను.

"రేపు గుల్బా దాటొచ్చు. నేను ముందు నడుస్తాను. ఎండ తగలకముందే అందరం అవతల ఉండాలి. నడిచేది ఒక్కొక్కరు. ముందువాడు వాలు దాటి అవతలి అంచున ఉన్న బండ చేరాకే వెనకవాడు కదలాలి. అవతల చేరాక గుంపుకట్టి పాడండి, భుజాలు కాకపోతే తలలు ఆనించుకుని పాడండి, నేనేమీ అనను."

"రావద్దన్నాడుగా మీ అన్న" అన్నాడొక ముసలాయన.

"మా నాన్న అనలేదు."

ఒతియా లేచాడు. "ఆ రోజే పడలేదు, ఇవాళ మంచు గట్టిపడిందని నువ్వే అంటున్నావు. మరి ఒక్కొక్కరం ఎందుకు? గొర్రెల్లా విడివిడిగా వెళ్తుంటే హెష్కారి నవ్వదా?"

"నవ్వనీ. గట్టిపడిందన్నాను, మాట ఇచ్చిందనలేదు. నా వెనక రావాలంటే నా పద్ధతి. లేదా ఇంట్లో పడుకో, నీ భార్య కూడా ఏడవక్కర్లేదు."

మామగారు అరుగు చివర కర్ర మీద గడ్డం ఆనించి నేల చూస్తున్నాడు. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ రాత్రి గెగీతో, ఎవరూ రాకపోతే మనిద్దరమే వెళ్దాం అన్నాను. అతను సరేనని బూట్లకు నూనె రాశాడు.

పొద్దున గుల్బా అంచున ఇద్దరమే నిలబడ్డాం. మంచు కాళ్ల కింద కరకరలాడుతోంది. తూర్పు శిఖరం మొన అప్పుడే తెలుపెక్కుతోంది. ఇంకాసేపు ఆగితే ఎండ వచ్చేస్తుందని నేను బయల్దేరబోతుండగా వెనక బూట్ల చప్పుడైంది. మామగారు. నల్లకోటు, ఉన్నిటోపీ, చేతిలో కర్ర. రొప్పుతూ వచ్చి నా ముందు ఆగాడు. నా మొహం చూడలేదు, వాలు వంక చూశాడు.

"నేను ఎన్నోవాణ్ణమ్మా?" అన్నాడు.

"మూడో మనిషి మీరు. గెగీ అవతల చేరి చెయ్యి ఊపాక కదలండి" అన్నాను.

"సరే" అన్నాడు. అని వెనక్కి తిరిగి, బాట మలుపు దగ్గర ఆగిపోయిన నల్లకోట్ల గుంపు మీద కేకేశాడు. "ఏంట్రా ఆ గుంపు? విడిపోండి! వినపడలేదా కోడలు చెప్పింది? ఒతియా, నువ్వు అందరికంటే చివర!"

"నేనెందుకు చివర?" అని ఒతియా అరుపు వినపడింది.

"లావుగా ఉన్నావు కాబట్టి!"

నేను ముందు దాటాను. నా తర్వాత గెగీ, తర్వాత మామగారు. ఒకరి తర్వాత ఒకరు, మధ్యలో అంత ఖాళీ వదిలి, ల్యాబ్రా మొత్తం గుల్బా మీద నడిచింది. అవతలి బండ దగ్గర నిలబడి ప్రతివాడూ చేరేదాకా ఊపిరి బిగబట్టాను. హెష్కారి ఇళ్ల ముందు జనం చేరి చూస్తున్నారు. నవ్వుకున్నారేమో, నవ్వుకోనీ. చివరికి ఒతియా చెమటలు కక్కుకుంటూ వచ్చి, "పడలేదు వదినా" అన్నాడు. "నడువు" అన్నాను.

అక్కణ్ణుంచి గుంపు కట్టారు. పాట ఎత్తుకున్నారు. నలభై గొంతులు ఒక్కటై లేచాయి. మా ఇంటి గేటు ముందు ముష్ని నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ గేటు కమ్ముల మీద పెట్టి. గడ్డం పెరిగింది, చిక్కిపోయాడు. నాన్న కోటు వేసుకున్నాడు, అది అతనికి పెద్దది. పాట ఆగింది.

"ఎందుకొచ్చావు?" అన్నాడు.

"నాన్నకు భోజనం పెడుతున్నావట. వచ్చాను."

"ఆ రోజు మేం గుమ్మంలో నిలబడి చూశాం మాక్వలా. మధ్యాహ్నం దాకా శవాన్ని ఎత్తకుండా చూశాం. ల్యాబ్రా వస్తుంది, వస్తుంది అని అమ్మ అందర్నీ ఆపింది. మీరు వెనక్కి తిరగడం చూశాం. చరియ పడిందా ఆ రోజు?"

"పడలేదు."

"తర్వాత పడిందా?"

"ఇవాళ్టికీ పడలేదు."

"మరి? పడని మంచు కోసం నాన్నని ఒంటరిగా పంపించావా?"

నా వెనక మామగారు ఏదో అనబోయాడు. చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. ఇది మా అన్నకూ నాకూ మధ్య మాట.

"అవును, పంపించాను. మళ్లీ అలాంటి మంచు ఉంటే మళ్లీ అదే చేస్తాను. నీ చావుకైనా, నా చావుకైనా ఎవరినీ ఆ వాలు ఎక్కనివ్వను. నాన్న పోయిన రోజు నేను నీకు ఈ ఊరిని తేలేకపోయాను ముష్నీ. ఇవాళ తెచ్చాను. చూడు. మా ఊళ్లో ఇంటికొకడు. ఎవరు తక్కువయ్యారో లెక్కపెట్టి చెప్పు."

అతను చూశాడు. మొదట బిముర్జాను, తర్వాత ఆయన పక్కవాణ్ణి, ఆ పక్కవాణ్ణి. ఒక్కొక్క మొహం దగ్గరా ఆగి చూశాడు, చివర్న టోపీ చేత్తో పట్టుకుని చెమట తుడుచుకుంటున్న ఒతియా దాకా.

చివరికి చేతులు కమ్ముల మీంచి తీసి, పక్కకు జరిగి, మొహం అటు తిప్పుకున్నాడు. గేటు తీయలేదు.

నేనే తోశాను.